కాంటా కాడ రక్తం అడిగినోడు

శామీర్‌పేటకి కిలోమీటరు ఇవతల, కరీంనగర్ రోడ్డు పక్కన, లారీలు తూచే కాంటా ఒకటి ఉండేది. మూతపడి ఏళ్లయింది. పట్టపగలు మేకలు కూడా ఆ ఇనుప పలక ఎక్కేవి కావు. ఇక చీకటి పడ్డాక మనుషుల సంగతి చెప్పాలా?

మేడ్చల్ వాడు ఎంకయ్య, లారీ క్లీనరు. అక్కడే లారీ వెనక్కొచ్చి వాణ్ణి గోడకేసి నొక్కేసిందట. రాత్రంతా రక్తం కారుతుంటే, పోయే ప్రతి బండినీ కేకేశాడట... ఒక్కడూ ఆగలేదట. అప్పట్నుంచీ వెనకనించి పిలుస్తాడు. రక్తం అడుగుతాడు. తిరిగి చూశావా — తెల్లారేసరికి రక్తం కక్కుకుని చావడమే.

జనార్ధన్ ఇలాంటివి నవ్వి కొట్టిపారేసే మనిషి. శ్మశానం పక్క జాగా కూడా ప్లాట్లు చేసి అమ్మినవాడికి దెయ్యాలొక లెక్కా? కానీ తొంభై ఎనిమిది డిసెంబరులో, ఆ రాత్రి ఎనిమిదిన్నరకి, ఆయన ప్రాణమంతా ఒక ఫ్లాస్కులో ఉంది.

కూతురు తృప్తికి ఐదేళ్లు. ఒంట్లో రక్తం నిలవని జబ్బు. నెలనెలా ఎక్కించాల్సిందే. ఈసారి రిజిస్ట్రేషన్ల హడావిడిలో పడి పదిహేను రోజులు ఆలస్యం చేశాడు. పైగా పిల్లకి జ్వరం తగిలింది. శామీర్‌పేట నర్సింగ్‌హోములో డాక్టరమ్మ పరీక్ష చూసి గొంతు తగ్గించింది.

"రక్తం మూడు గ్రాములే ఉంది. సిటీదాకా కదిలిస్తే గుండె తట్టుకోదు. రక్తమే ఇక్కడికి తెండి."

పిల్ల రక్తం శాంపిలూ, ఐసు వేసిన ఎర్ర ఫ్లాస్కూ పట్టుకుని ఆయన బ్లడ్‌బ్యాంకుకి బయల్దేరుతుంటే, భార్య మనోరమ గుమ్మందాకా వచ్చింది.

"జల్దీ రా. కాంటా కాడ ఎవలు పిల్సినా ఎనక్కి మల్లి సూడకు... నీకు దండం పెడ్త."

సికింద్రాబాదులో రెండు గంటలు పట్టింది. తృప్తి పేరు పిలవగానే కౌంటరు మీది ఫ్లాస్కు అందుకుని, స్కూటరెక్కి ఒకటే పోత పోయాడు.

తూంకుంట దాటేసరికి ఊళ్లకి ఊళ్లే చీకటి. కరెంటు పోయింది. అప్పటికే రెండుసార్లు మొరాయించిన స్కూటరు మళ్లీ గుడగుడమని... ఆగిపోయింది.

సరిగ్గా కాంటా ముందు.

రిజర్వు తిప్పాడు. కిక్కు కొట్టాడు. లేదు. మళ్లీ కొట్టాడు. లేదు. చలికాలం, అయినా వీపు మీద చెమట కారుతోంది.

అప్పుడు వినపడింది.

"ఆగండి..."

దూరంగా. వెనకనించి.

జనార్ధన్ మెడ కర్రలా బిగుసుకుపోయింది. కిక్కు మీద పాదం నిలవడం లేదు.

"ఆగండి... రక్తం... నా రక్తం ఇచ్చేయండి..."

రొప్పుతూ, విరిగిపోతూ వస్తోంది ఆ గొంతు. టపటపమని అడుగులు. దగ్గరికి... ఇంకా దగ్గరికి...

పారేద్దామా? ఫ్లాస్కు రోడ్డు మీద పడేస్తే వాడు ఆగిపోతాడు, తను బతుకుతాడు... చేయి దానిమీదికి పోయింది కూడా. పిల్ల పాలిపోయిన ముఖం కళ్లముందు కదిలింది. తూ, నేనూ ఒక నాయిననేనా అనుకుని, ఫ్లాస్కుని చొక్కాలో దోపుకుని బలంకొద్దీ కిక్కు కొట్టాడు.

స్కూటరు అందుకుంది. వెనక నుంచి ఒక చేయి స్టెప్నీని తాకి జారిపోయింది. ఆయన తిరిగి చూడలేదు.

నర్సింగ్‌హోములో లాంతరు వెలుతురు. జనార్ధన్ చేతిలోని చీటీ మీద పేరు చూసి, నర్సు ఫ్లాస్కులోంచి రక్తం సంచీ తీసి తగిలించింది. పిల్ల చేతికి నరం దొరకడానికే పది నిమిషాలు పట్టింది. చివరికి సూది దిగింది. రక్తం వదలడానికి డాక్టరమ్మ గొట్టం చక్రం మీద వేలు పెట్టింది.

జనార్ధన్ చెవుల్లో ఇంకా అదే మోగుతోంది. ఇచ్చేయండి... ఇచ్చేయండి...

అండి?

ఎంకయ్య మేడ్చల్ వాడు. "ఇయ్యి" అంటాడు, "తే" అంటాడు. బతికుండగా ఎవర్నీ అండీ అన్న పాపాన పోలేదు. చచ్చాక కోస్తా మర్యాద ఎక్కడ నేర్చాడు?

బ్లడ్‌బ్యాంకు కౌంటరు గుర్తొచ్చింది. పక్కన ఒకాయన నిలబడ్డాడు. తెల్లచొక్కా. గుంటూరు మాట. ఆయన ముందు కూడా... ఎర్ర ఫ్లాస్కు.

"ఆపుండ్రి!" జనార్ధన్ అరిచాడు. "డాక్టరమ్మా, ఆపుండ్రి! గా రక్తం నా బిడ్డది గాదు!"

డాక్టరమ్మ చక్రం బిగించేసింది. టార్చి తెచ్చి సంచీ మీద వేసింది. చీటీ చదివింది.

"నాగసాయి... నాలుగేళ్లు... బి పాజిటివ్."

తృప్తిది ఓ. ఒక్క గుక్కెడు ఎక్కినా పిల్ల దక్కేది కాదు. మనోరమ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎంకయ్యకి కూడా ఇంత భయపడలేదు జనార్ధన్.

గుమ్మంలో అలికిడి.

తెల్లచొక్కా మనిషి. చెప్పులు లేవు, మోకాలు చీరుకుపోయింది. పేరు జోగారావు అని తర్వాత తెలిసింది. తన ఫ్లాస్కులో తృప్తి పేరున్న సంచీ చూసి, కౌంటర్లో నర్సింగ్‌హోము పేరు కనుక్కుని ఆటోలో వెంటపడ్డాడు. ఆటోవాడు కాంటాకి భయపడి ఇవతలే దింపేస్తే, అక్కణ్ణుంచి పరుగే. కొడుకు సికింద్రాబాదులో ఎదురుచూస్తున్నాడు. ఎర్ర ఫ్లాస్కు గుండెకి హత్తుకుని ఉన్నాడు. తన సంచీ వైపు చూడనైనా చూడలేదు.

"పాపకి..." ఊపిరాడటం లేదు ఆయనకి. "పాపకి ఎక్కించేశారా అండీ?"

జనార్ధన్ అడ్డంగా తలూపాడు. అప్పుడుగానీ ఆ మనిషి గడప మీద కూలబడలేదు.