తమ్ముడి బండికి కప్పిన గుడ్డ

"బ్రేకు వేశావా?" మందుల షాపులోంచి అమ్మ అడిగింది.

"వేశా. రెండుసార్లు చూశా," అంది మేనేజర్.

మేనేజర్ అంటే పదేళ్ల పిల్ల. ఏ గిన్నె ఎక్కడ పెట్టాలో కూడా ఇంట్లో తనే చెబుతుంది కాబట్టి నాన్న అలా పిలుస్తాడు. స్ట్రోలర్ బండిలో నిద్రపోతున్నవాడు ఆమె తమ్ముడు. వాడు పుట్టి ఇరవై ఆరు రోజులైంది. కాసేపు బయట తిప్పొచ్చని డాక్టరమ్మ చెప్పింది. వారం రోజులు బతిమాలితే గానీ తోసే పని మేనేజర్‌కి దక్కలేదు. అదీ అమ్మ పక్కనే ఉంటేనే.

ఇంతవరకూ పని దివ్యంగా సాగింది. దారిలో కుట్టు మిషన్ ఆంటీ తమ్ముడి బుగ్గ గిల్లబోతే, "చేతులు కడుక్కున్నారా ఆంటీ?" అని అడిగేసింది. ఆంటీ నవ్వుతూ చెయ్యి వెనక్కి తీసుకుంది.

వంతు రావడంతో అమ్మ కౌంటర్ వైపు తిరిగింది. అప్పుడే ఓ ఇసుక లారీ దుమ్ము రేపుకుంటూ పోయింది. పైగా ఎండ తమ్ముడి మొహం మీదికి వస్తోంది. బండి కింద బుట్టలో నాన్న బేకరీకి ఇవ్వాల్సిన ఉతికిన గుడ్డలున్నాయి. రొట్టెల పిండి మీద కప్పే మందపాటి గుడ్డలు. మేనేజర్ ఒకటి తీసి, సందన్నది లేకుండా బండి మొత్తం కప్పేసి, అంచులు దోపేసింది.

ఇక ఎండ రాదు, దుమ్ము రాదు, బుగ్గలు గిల్లేవాళ్లూ రారు. తన తెలివికి తనే మురిసిపోయింది. అమ్మని ఒక్క మాట అడగొచ్చు. కానీ మేనేజర్లు అడుగుతారా?

పక్క కొట్టే నాన్న బేకరీ. గుడ్డలు ఇంకా రాలేదేమిటని నాన్న బయటికొచ్చాడు. బండిని చూసిన మరుక్షణం వచ్చి గుడ్డ లాగేశాడు.

"కప్పి ఎంతసేపైంది?"

"పది నిమిషాలేమో. ఎండ తగలకుండా కప్పా నాన్నా."

నాన్న తమ్ముడి మెడ వెనక చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత ఆమె చెయ్యీ అక్కడ పెట్టించాడు. వేడిగా, చెమటతో తడితడిగా ఉంది. మొహం ఎర్రగా కందిపోయింది. వాడు ఏడవడం కూడా లేదు. "అమ్మా!" అని మేనేజర్ కేక వేసింది.

అమ్మ పరుగున వచ్చి వాణ్ని ఎత్తుకుంది. బేకరీ ముందుగదిలో, నీడపట్టున, వాడి స్వెటర్ విప్పి పాలు పట్టింది. నాన్న డాక్టరమ్మకి ఫోన్ చేశాడు. కాసేపటికి వాడు కాళ్లు తన్నుతూ బేకరీ ఎగిరిపోయేలా ఏడ్చాడు. ఏడుపు వింటే ఇంత హాయిగా ఉంటుందని మేనేజర్‌కి ఇన్నాళ్లూ తెలియదు.

"పిండిని మనం ఎందుకు కప్పుతాం?" నాన్న మెల్లగా అడిగాడు.

"పొంగడానికి. లోపలి వేడి బయటికి పోకుండా..." మాట పూర్తి కాకుండానే ఆమెకి అర్థమైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "వాడికేమైనా అయ్యుంటే నాన్నా?"

"ఈసారి తొందరగా చూశాం," అన్నాడు నాన్న. ఏం కాదులే అని మాత్రం అనలేదు.

ఇంటికెళ్లేటప్పుడు ఆమె హ్యాండిల్ ముట్టుకోలేదు. మర్నాడు పిలిచినా, "నువ్వే తొయ్యమ్మా," అని వెనకే నడిచింది. ఆ రోజంతా ఇంట్లో ఎవరి గిన్నెలు వాళ్ల ఇష్టమొచ్చినచోట పెట్టుకున్నారు. ఏం బాగాలేదు.

మూడోరోజు ఎండ తగ్గాక అమ్మే ఆమె చేతులు తీసి హ్యాండిల్ మీద పెట్టింది. "నాకు నడుం నొప్పి. తొయ్యి."

మేనేజర్ తోసింది. కుట్టు మిషన్ ఆంటీ ఎదురొచ్చి, "అయ్యో, ఎండపొడ ఇంకా ఉందే. పైన ఏదైనా కప్పకూడదూ?" అంది.

"కప్పితే లోపల ఉడికిపోతాడు ఆంటీ. మేం నీడ ఉన్నవైపు వెళ్తున్నాం."

రోడ్డు దాటి నీడలోకి వచ్చాక ఆగింది. బ్రేకు వేసి, తమ్ముడి మెడ వెనక వేళ్లు పెట్టింది. ఓ క్షణం ఆలోచించింది.

"నాకు కొంచెం వెచ్చగా అనిపిస్తోంది," అంది. "నువ్వూ చూసి చెప్పమ్మా."