ఎర్ర సిరా జవాబులు

వినీల డబ్బా మూత తీసేసరికి, ప్రశ్నల కార్డులన్నిటి మీదా ఎవరో ఎర్ర సిరాతో జవాబులు రాసేసి ఉన్నారు!

ఆక్టోపస్‌కి గుండెలెన్ని? పక్కనే, మూడు. తేనె పాడవుతుందా? పక్కనే, పాడవదు. ఒక్క కార్డూ వదల్లేదు.

పటమటలో తమ ఇంటి మేడ మీద వినీల ఇంగ్లీషులో మాట్లాడటం నేర్పుతుంది. పుస్తకాలుండవు. ఒక్కొక్కరూ ఓ కార్డు తీసి ప్రశ్న అడుగుతారు. జవాబు తెలియదు కాబట్టి అందరూ ఇంగ్లీషులోనే ఊహిస్తారు, వాదిస్తారు, పోట్లాడుకుంటారు. నోరు తిరిగేది అక్కడే. ఈ ఉదయమే ఓ ఆసుపత్రి మేట్రన్ ఎలిజబెత్ గారు క్లాసు చూడటానికి వస్తున్నారు. నచ్చితే అక్కడి నర్సులందరికీ వినీలే టీచరు.

ఇడ్లీ తింటున్న భర్త స్టీఫెన్ ముందు డబ్బా బోర్లించింది.

"ఇది మీ పనేనా?"

"నాకు వేరే పన్లేదా? అయినా జవాబులుంటే మంచిదేగా!"

"జవాబు కళ్ళ ముందుంటే నోరెవరు తెరుస్తారండీ? త్రీ అని కూర్చుంటారు. పొడుపుకథలకి ఫీజేంటని మొన్న వెక్కిరించింది మీరే కదా!"

"సరదాకి అన్నాను. కొత్తవి రాసుకో."

"ఏడాది పాటు ఏరుకున్న ప్రశ్నలు! ఇప్పటికిప్పుడు ఎక్కణ్ణుంచి తేను? మీ ఆఫీసు ఫైళ్ళ మీద నేనెప్పుడైనా గీతలు గీశానా? నా పనంటే ఈ ఇంట్లో అందరికీ ఆటే!"

అత్తగారు అమలమ్మ చట్నీ గిన్నెతో వచ్చింది. "వాడికంత ఓపికా? పెళ్ళిలో సంతకం పెట్టడానికే ఆపసోపాలు పడ్డాడు."

"మరి దయ్యం రాసిందా అత్తయ్యా?"

వినీల ఫోన్ తీసింది. "మేట్రన్ గారిని రావద్దంటాను. నోళ్ళు మూసుకున్న క్లాసు చూపించి పరువు పోగొట్టుకోలేను."

"ఫోన్ పెట్టెయ్యమ్మా."

హాల్లోంచి మామగారు నతానియేలు లేచి వచ్చారు. రిటైరైన ఇంగ్లీషు మాస్టారు.

"నేనే రాశాను."

"మీరా మామయ్యా? మీరూ టీచరే కదా! ఎలా చేతులొచ్చాయి?"

ఆయన తల దించుకున్నారు.

"మొన్న మీ క్లాసుకొచ్చే మార్త వరండాలో నన్నడిగింది, ఆక్టోపస్‌కి గుండెలెన్ని సార్ అని, ఇంగ్లీషులో. త్రీ అన్నాను. అన్నెందుకుంటాయంటారు అంది. జీవితమంతా ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, నోట్లోంచి ఒక్క వాక్యం రాలేదు. ఆ పిల్ల నవ్వలేదమ్మా, నేనేదో చెప్తానని ఎదురుచూసింది. అదే భరించలేకపోయాను."

వినీల చేతిలో ఫోన్ కిందికి దిగింది. కళ్ళు చెమర్చాయి.

"నా క్లాసులో ప్రశ్న నాది, జవాబు పుస్తకానిది. మధ్యలో మాట్లాడే పని ఎవరికీ పెట్టలేదు, నాక్కూడా. మీ గది కూడా అలాగే మూగబోవాలని రాశాను. మేట్రన్ గారిని రానివ్వు. నన్ను ముందు కూర్చోబెట్టి, ఈ పాడు పని ఎందుకు చేశారని మీ వాళ్ళ చేత అడిగించు. ఆ జవాబు ఏ కార్డు మీదా లేదు. తడబడినా ఇంగ్లీషులోనే చెప్తాను."