ఏనుగు మేకుల తలుపు

ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్ల వెనక ఒక రేకుల షెడ్డుంది. పొద్దుగూకాక అందులో పని చెయ్యడానికి ఎవరూ ఒప్పుకోరు. ఇద్దరు వెల్డర్లయితే పనిముట్లు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయారు... ఇదంతా ఆ కోట తలుపు వచ్చాకే.

అక్కడ జరిగింది స్మృతి చెబితే విన్నాను.

స్మృతి ఈ దేశంలోనే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు అంతంతమాత్రం. మ్యూజియంలకి పాత ఇనప వస్తువుల తుప్పు తీసి బాగుచేస్తుంది. రిటైరైన డాక్టర్ సూర్యప్రకాశ్ గారు లండన్ వేలంలో కొన్న ఆ తలుపుని కొత్తింటికి బిగించుకుందామని ఆమెకి అప్పజెప్పారు. షెడ్డుకి అడ్డంగా, రెండు గోడల మధ్య నిలబెట్టారు. ఒక పక్క నున్నటి చెక్క, దానికి గడియ. రెండో పక్కంతా జానెడేసి ఇనప మేకులు — ఏనుగులు తలతో కుమ్మి తలుపు పగలగొట్టకుండా.

ఏనుగుకి ఆ మేకులు గుచ్చుకోకుండా శత్రువులు మధ్యలో ఒంటెని నిలబెట్టేవాళ్ళని స్మృతి ఎక్కడో చదివింది. ఒంటె దొరక్కపోతే ఎవర్ని నిలబెట్టేవాళ్ళో... ఆ పుస్తకంలో లేదు.

డిసెంబరు నెల. ఐదింటికే చీకటి. మేకుల వైపు నిలబడి బ్రష్‌తో తుప్పు రాలుస్తోంది. వీపుకి వేడిగాలి తగిలింది.

హీటరనుకుంది. హీటర్ ఆపేసే ఉంది.

మళ్ళీ తగిలింది. ఈసారి తడిగా... ఊపిరిలా.

కాంక్రీటు నేల అదిరింది. ఒక అడుగు. ఇంకో అడుగు.

వెనక్కి తిరగలేకపోయింది. ఏదో బరువు ఆమెని తలుపు మీదికి నెడుతోంది — మెల్లగా, ఏ తొందరా లేకుండా. ఒక మేకు మొన జాకెట్ దాటి ఒంటికి తగిలింది. మేకుల మధ్య చెయ్యి దూర్చి చెక్కని బాదింది. నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది —

"గడియ తియ్యండయ్యా... వస్తోంది..."

గడియ అనే మాటే ఆమెకి అంతవరకు తెలీదు.

అవతల ఇనుము కిర్రుమంది. తలుపు తెరుచుకుంది. స్మృతి బోర్లా పడింది. ఎదురుగా సూర్యప్రకాశ్ గారు. చెయ్యి ఇంకా గడియ మీదే ఉంది.

వెనక షెడ్డంతా ఖాళీ.

"నిన్న కూడా తలుపు చూసుకుందామని వచ్చాను," అన్నారాయన గుసగుసగా. "ఇలాగే బాదారు. ఇవే మాటలు. భయపడి... తియ్యలేదు."

"నిన్న నేను రిచ్‌మండ్‌లో ఉన్నాను, అంకుల్."

"తెలుసమ్మా." ఆయన ఆమె వైపు చూడలేదు. "నిన్నటిది మగగొంతు. చాలాసేపు అడిగాడు."