మూలగదికి అంటని మరక

ముందే చెబుతున్నాను, ఈ కథలో ఆవగింజంత అబద్ధం కూడా లేదు. మా డిటెక్టివు మెట్ల మీద చెప్పుల చప్పుడు విని, వచ్చేదెవరో, ఏం పోగొట్టుకుని వస్తున్నారో చెప్పేయగల ఘనుడు. ఆ రోజు పొద్దున కూడా చెవి ఒగ్గి విన్నాడు. “ఇంటాయన, అద్దె కోసం. నేను లేనని చెప్పు” అన్నాడు అసిస్టెంటుతో. తలుపు తీస్తే ఒక టైలరమ్మ నిలబడి ఉంది. అయినా అసిస్టెంటుకు గురువుగారి మీద గురి తగ్గలేదు. ఈవిడ ఇంటాయన చెప్పులు అరువడిగి తొడుక్కొచ్చి ఉంటుందని సరిపెట్టుకున్నాడు.

ఆమె కుర్చీ అంచున కూర్చుని ఎడమచేత్తో చెమట తుడుచుకుంది. ఏళ్ల తరబడి మిషను కుట్టి కుట్టి, కుడిచెయ్యి భుజం దాటి లేవడం లేదట. కూడబెట్టిందంతా పెట్టి, అన్నయ్యతోనూ ఒక లారీల యజమానితోనూ కలిసి ఒక మేడలో పై అంతస్తు కొన్నది. ముగ్గురివీ సమాన వాటాలు. ఒక కళ్ల డాక్టరమ్మకు ఆసుపత్రి కోసం అద్దెకిచ్చి, పన్నులూ మరమ్మతులూ పోగా మిగిలింది పంచుకుంటున్నారు. ఇప్పుడు కప్పుల నిండా చెమ్మ మరకలు తేలాయి. డాక్టరమ్మ ఖాళీ చేస్తానంటోంది. లారీలాయన, సగం ధరకైతే నీ వాటా తీసుకుంటానంటున్నాడు. కూతురికి నర్సింగులో సీటొచ్చింది, ఫీజు ఆ వాటా డబ్బులోంచే కట్టాలి.

“సగానికి అమ్మితే పిల్ల చదువు సగంలో ఆగుతుంది సార్. వానలే లేవు, చెమ్మ ఎక్కణ్ణించి వస్తుంది? ఎవరో కావాలని చేస్తున్నారు” అందామె.

డిటెక్టివూ అసిస్టెంటూ టైలరమ్మ వెంట ఆ ఆసుపత్రికి వెళ్లారు. మరకలు గోధుమరంగులో, అంచులు వంపులు తిరిగి, చూడముచ్చటగా ఉన్నాయి. డిటెక్టివు బల్ల ఎక్కి నొక్కి చూశాడు. సున్నం రాలలేదు, రంగు ఉబ్బలేదు. తడిచేసిన దూదితో రుద్ది వాసన చూశాడు, నాలిక్కి కూడా తగిలించుకున్నాడు. “చక్కెర వెయ్యలేదు” అన్నాడు. అసిస్టెంటుకు ఏమీ అర్థం కాలేదు గానీ ఆనందంతో ఉక్కిరిబిక్కిరయ్యాడు.

ప్రతి గదిలోనూ మరకలున్నాయి. మూలగది కప్పు మాత్రం పాలలా తెల్లగా ఉంది. దాని కిటికీకి నీలం తెర.

“తెర నేనే కుట్టాను సార్. ఈ గది నాది కదా” అంది టైలరమ్మ.

అంతస్తు తాళంచెవులు వాటాదారులు ముగ్గురి దగ్గరా ఉన్నాయి. అందుకని డిటెక్టివు మొదట లారీలాయన్ని అక్కడికే పిలిపించాడు.

“సగం ధరకి అడిగారట?”

“అడిగాను. తడిసిన సరుక్కి పూర్తి రేటు ఎవరిస్తారండీ?”

“ఇంతకీ ఇందులో మీ గది ఏది?”

లారీలాయన పొట్ట కదిలేలా నవ్వాడు. “గదులెక్కడివండీ? మొత్తంలో మూడో వంతు, అంతే. ఆ ఫ్యానులో ఒక రెక్క నాదనుకునేరు. ప్రతి రెక్కలోనూ మూడో వంతు నాది.”

అన్నయ్య రిటైరైన డ్రాయింగు మాస్టారు. మాట్లాడుతున్నంతసేపూ కప్పుకేసి ఒక్కసారి కూడా చూడలేదు. వాటా వదులుకోవాలంటే ముందు మిగతా వాటాదారులకు చెప్పాలని, వాళ్లు వద్దంటేనే బయటివాళ్లకు అమ్మాలని, మొత్తం అంతస్తు అమ్మాలంటే ముగ్గురూ ఒప్పుకోవాలని నెమ్మదిగా వివరించారు. కొనేటప్పుడే చెల్లెలికి ఈ సంగతులు చెప్పారా అని అడిగితే కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

సాయంత్రం డిటెక్టివు అందరినీ ఆసుపత్రి హాల్లో కూర్చోబెట్టాడు.

“ఇది చెమ్మ కాదు, టీ డికాక్షను. కుంచెతో పూశారు. లారీలాయన చేయిస్తే మూలగదిని ఎందుకు వదులుతాడు? ఎవరికీ విడిగా గది లేదని ఆయనకు బాగా తెలుసు. డాక్టరమ్మకీ ఆ గది మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. అది టైలరమ్మదని నమ్మింది ఒక్క టైలరమ్మే. ఆమె కుడిచెయ్యి పైకి లేవదు, ఎడమచేత్తో ఇంత చూడముచ్చటైన వంపులు రావు. ఇక మిగిలింది, ఆ గది నీదేనని ఆమెను నమ్మించిన మనిషి.”

మాస్టారు లేచి నిలబడ్డారు, క్లాసులో తప్పుచేసిన పిల్లాడిలా.

“మూలగది నీదే, కావాలన్నప్పుడు డబ్బు వెనక్కి తీసుకోవచ్చు అని చెప్పి దాని చేత పెట్టించాను. అప్పట్లో కాగితాలు నేను చదవలేదు. ఫీజుకని అడిగితే కుదరదని చెప్పలేకపోయాను. మరకలు చూసి భయపడితే ఈ లారీలాయన కూడా మొత్తం అమ్మేద్దామంటాడు, దాని డబ్బు దానికొస్తుంది అనుకున్నాను. సగానికి బేరం పెడతాడని ఊహించలేదు. ఆ గదిలో కుంచె పెట్టడానికి చెయ్యి రాలేదు.”

సగానికి అడిగిన లారీలాయన కూడా తల దించుకున్నాడు. మాస్టారి వాటా పూర్తి ధరకే తీసుకుంటానన్నాడు. ఆ డబ్బు మేనకోడలి ఫీజుకిస్తానని, మరకలు తన చేతులతోనే చెరుపుతానని అన్నారు మాస్టారు. అలాగైతే ఉంటానంది డాక్టరమ్మ. చెల్లెలి వాటా చెల్లెలికే మిగిలింది.

“మరి నాది ఏ గది?” అని అడిగింది టైలరమ్మ.

“అన్నీనమ్మా, కొంచెం కొంచెం” అన్నాడు డిటెక్టివు.

ఆమె గుమ్మంలోంచి కనిపిస్తున్న మూలగది నీలం తెర కేసి చాలాసేపు చూసింది. తర్వాత, “అన్నయ్యా, ఇంటికి రా, అన్నం తిందువుగాని” అంది.

ఆవగింజంత అబద్ధం లేదన్నాను కదూ. ఒక్కటుంది. ఆమె ఆ మాట అనలేదు. ఎడమచేత్తో తెర విప్పి, మడిచి సంచిలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. మాస్టారు అక్కడే నిలబడిపోయారు. ఆయన్ని కథలో అలా ఒంటరిగా వదిలేయడానికి మనసొప్పక, ఆ పిలుపు నేనే కల్పించాను.