మూత అతికించిన మధ్యాహ్నం

ప్లాస్టిక్ నమూనాలకు వాడే జిగురు నిజానికి జిగురు కాదు. అది రెండు ముక్కల అంచులను కరిగించి ఒకటిగా కలిపివేస్తుంది. ఆరిన తరువాత వాటిని విడదీయడం కుదరదు, కోయవలసిందే. ఈ సంగతి తెలిసి కూడా ఆ మధ్యాహ్నం నేను ఆ మూతను అతికించాను.

మా ఇల్లు భావనపాడులో, పడవలు లాగే ఒడ్డుకు రెండు వీధుల ఇవతల ఉంది. నేను టెక్కలిలో ఒక కళాశాల ప్రయోగశాలలో సహాయకుడిని. తీరిక వేళల్లో సైనిక వాహనాల చిన్న నమూనాలు కట్టి రంగులు వేస్తాను. ఈ అలవాటు నాకు అంటించినవాడు నా తమ్ముడు యువరాజు. వాడు సైన్యంలో చేరి, నీళ్ళ మీద కూడా తేలే ఒక ఇనుప బండికి డ్రైవరయ్యాడు. కిందటేడు సెలవుకు వచ్చినప్పుడు అదే బండి నమూనా పెట్టెను నా చేతిలో పెట్టాడు.

"తప్పు లేకుండా కట్టాల అన్నయ్యా. నాను వచ్చి సూత్తాను. ఒక్క బోల్టు తగ్గినా ఒప్పుకోను."

వాడు చూడడానికి రాలేదు. ఎనిమిది నెలల క్రితం, ఉత్తరాదిన ఒక నదిని దాటుతూ ఆ బండి మునిగిపోయింది. రెండు రోజుల తరువాత దొరికింది. డ్రైవరు తల మీది మూత చెడిపోలేదనీ, లోపలి నుంచి గట్టిగా బిగించి ఉందనీ వాడి స్నేహితుడొకడు ఫోనులో చెప్పాడు. ఎందుకు బిగించుకున్నాడని అడిగేలోపే పెట్టేశాడు. మా దగ్గరకు వచ్చిన శవపేటికను తెరవవద్దన్నారు. మేము తెరవలేదు.

అందుకే వాడు పోయాడని అమ్మ నమ్మలేదు. చేపల వేటకు వెళ్ళినవాడు తిరిగి వచ్చేదాకా తలుపుకు గడియ పెట్టకూడదన్నది మా ఇంట్లో తాతల నాటి నియమం. నాన్న బతికి ఉండగా ఎన్నో రాత్రులు ఆ తలుపు అలాగే ఓరగా ఉండేది. యువరాజు పోయిన రోజు నుంచి అమ్మ ఆ గడియను తాకనివ్వలేదు.

ఆ రోజు తుపాను హెచ్చరిక వచ్చింది. ఉదయమే పడవలను పైకి లాగి తాళ్ళతో కట్టేశారు. ఎండుచేపలను తడవకుండా ఇళ్ళలోకి చేర్చడంతో వీధంతా ఆ వాసనే. మధ్యాహ్నం రెండు గంటలకు పక్కింటి అసిరయ్య గుమ్మంలోకి వచ్చి, నా బల్లను చూసి నవ్వాడు.

"ఏటి మావా, తుపానొత్తంటే బొమ్మకి రంగేత్తన్నావా? మా గుంటడే నయం, బొమ్మలిరగ్గొట్టీసి సుబ్బరంగా తొంగుంటాడు. లెగండి, అందరూ బడి మేడ మీదికి పోతన్నారు."

"నాను రాను" అంది అమ్మ.

"అదేటమ్మా?"

"సిన్నోడొత్తే ఎలాగ? తాళం సూసి ఎలిపోడా?"

అసిరయ్య నవ్వు ఆగిపోయింది. నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆమె రాకపోతే నేనూ వెళ్ళలేనని అతనికి తెలుసు.

"నీ ఇష్టం మావా. తలుపు మాత్రం గట్టిగా ఏసుకోండి" అని సగం విరిగిన గొడుగుతో గాలిలోకి వెళ్ళిపోయాడు.

మూడు గంటలకే సాయంసంధ్యలా చీకటి పడింది. కరెంటు పోయింది. నేను బ్యాటరీ దీపం వెలిగించి బల్ల ముందు కూర్చున్నాను. కూర్చోలేకపోయాను. లేచి కిటికీలు చూశాను. కుంచెను మూడుసార్లు కడిగాను. ఆ నమూనాలో మిగిలిన పని ఒక్కటే. డ్రైవరు బొమ్మ తన చోట కూర్చుని ఉంది, రెండు చేతులూ స్టీరింగు మీద. ఎడమ చెవి కింద తమ్ముడికున్న పుట్టుమచ్చను కూడా ఒంటి వెంట్రుక కుంచెతో పెట్టాను. వాడి తల మీది మూతను మాత్రం ఎనిమిది నెలలుగా తెరిచే ఉంచాను.

కిటికీ సందుల నుంచి సన్నని ఇసుక రాలి, తడి రంగు మీద పడుతోంది. కారణం అంతే. మూతను దించి, అంచు వెంట జిగురు పూసి, వేలితో అదిమి పట్టాను. ఆ వాసన ముక్కులో ఘాటుగా నిలిచింది.

అదే నిమిషంలో వీధి తలుపు గోడకు బాదుకుంది. వాన జల్లు గదిలోకి కొట్టింది. నేను పరుగెత్తి తలుపు మూసి, ఎనిమిది నెలల తుప్పు పట్టిన గడియను బలంగా వేశాను.

లోపలి గది నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"పెద్దోడా... గడియెట్టీసినావా?"

"గాలమ్మా. తగ్గాక తీసేత్తాను."

ఆమె వచ్చి తలుపు పక్కన నేల మీద కూర్చుంది.

తరువాత ఎంతసేపు గడిచిందో చెప్పలేను. గాలి ఒక్కసారిగా ఆగింది. సముద్రం హోరు కూడా వినిపించలేదు. ఆ నిశ్శబ్దంలో తలుపు మీద చప్పుడు.

తడి అరచేతితో తట్టినట్టు. ఒకటి... ఒకటి... ఒకటి. ఒకే ఎడంతో. తొందర లేకుండా.

అమ్మ లేచి నిలబడింది. ఆమె ముఖం వెలిగిపోయింది.

"సిన్నోడు!"

"కాదమ్మా." నేను అడ్డం నిలబడ్డాను. "వాడు తట్టేది అలాగ కాదు."

అది నిజం. చిన్నప్పటి నుంచి యువరాజు వెంటవెంటనే రెండుసార్లు తట్టి, కాస్త ఆగి, మూడోసారి తడతాడు. ఎవరు ఎన్నిసార్లు నవ్వినా మార్చుకోలేదు.

"ఎవులో ఏటో... తియ్యొద్దు" అన్నాను, గడియ మీద చెయ్యి వేసి.

"వానలో నిలబడ్డాడ్రా..."

అప్పుడు వినిపించింది. నా వెనుక, బల్ల మీద. గోటితో ప్లాస్టిక్‌ను తట్టినంత సన్నగా.

టక్ టక్... టక్.

నా చెయ్యి గడియ మీద నుంచి జారిపోయింది.

టక్ టక్... టక్.

బల్ల దగ్గరికి వెళ్ళాను. నమూనా మీదికి వంగాను. మూత అదురుతోంది. లోపల వాడున్నాడు. ఊపిరాడక తడుతున్నాడు. నేనే... నా చేతులతోనే మూశాను. ఈ ఒక్క ఆలోచన తప్ప నాకింకేమీ మిగలలేదు. సన్నని రంపపు బ్లేడు తీసి మూత అంచు వెంట కోయడం మొదలుపెట్టాను. ప్లాస్టిక్ పొడి రాలుతోంది. చప్పుడు వేగమైంది. టక్ టక్, టక్. టక్ టక్, టక్. బ్లేడు జారి వేలు తెగింది. ఆగలేదు.

"వత్తన్నాను తమ్ముడూ... అయిపోయింది..."

వెనుక తుప్పు గడియ కిర్రుమంది. చల్లని గాలి నా వీపును తాకింది. దానితో పాటు ఒక వాసన. మా సముద్రపు ఉప్పు వాసన కాదు. నది అడుగున నిలిచిన మంచినీటి బురద వాసన. తడి పాదాలు నేల మీద నిదానంగా, నా పక్క నుంచే నడిచి లోపలి గదిలోకి వెళ్ళాయి. నేను తల తిప్పలేదు. తిప్పలేకపోయాను.

గడియ మళ్ళీ పడింది. ఈసారి అమ్మే వేసింది.

"వచ్చీసినాడ్రా పెద్దోడా" అని గుసగుసగా అంది. ఏడుస్తోంది, నవ్వుతోంది. "ఇంక ఎవులి కోసమూ తీసి ఉంచక్కర్లేదు." ఆమె అడుగులు కూడా లోపలికి వెళ్ళాయి.

సరిగ్గా అప్పుడే మూత ఊడి వచ్చింది. చప్పుడు ఆగిపోయింది.

దీపం దగ్గరగా జరిపి చూశాను. తమ్ముడు తన చోటనే ఉన్నాడు. ఎడమ చెవి కింద పుట్టుమచ్చ. కానీ చేతులు స్టీరింగు మీద లేవు. రెండూ తల పైకి లేచి, మూత లోపలి పిడి ఉండవలసిన చోట బిగుసుకుని ఉన్నాయి. మోచేతులు కిందికి వంగి ఉన్నాయి. పైకి నెట్టేవాడి చేతులు అలా ఉండవు. కిందికి లాగి పట్టుకున్నవాడి చేతులు అవి. బయటిది లోపలికి రాకుండా... ఆఖరి నిమిషం దాకా.

కోసిన మూత నా వేళ్ళ మధ్య ఉంది. దాని లోపలి పిడికి నేను వేసిన రంగు మొత్తం అరిగిపోయి ఉంది.

లోపలి గదిలో నీళ్ళు నేల మీద పడుతున్న చప్పుడు. ఆగకుండా. సన్నని ధార గుమ్మం దాటి నా కాళ్ళ వైపు రావడం దీపం వెలుగులో కనిపించింది.

"పెద్దోడా" అని పిలిచింది అమ్మ. ఆ గొంతులో సంతోషం ఇంకా ఉంది, కానీ ఏదో సందేహం మొదలైంది. "ఇంకో తువ్వాలుంటే పట్రా బావూ. ఎంత తుడిసినా నీ తమ్ముడి ఒంటి నీళ్ళు ఆగట్నేదురా..."