శామ్యూల్ చెప్పిపెట్టిన రికార్డు

డెబ్బయి మూడులో ఒక ఆదివారం పొద్దున కృపానందం గుడికి వెళ్లడానికి బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. నాచారం క్రైస్తవ సంఘానికి ఆయన పెద్ద. నాయిన బూట్లు మెరవకపోతే ఆరాధనే మొదలవదని కూతురు తారామణి ఎగతాళి చేసేది. మూడు నెలలుగా ఆ ఇంట్లో ఎగతాళి అన్నదే లేదు.

ఇరవై రెండేళ్ల కొడుకు శామ్యూల్ కామెర్లతో పోయాడు. సమాధి దగ్గర తల్లి హన్నా గుండెలు బాదుకుని రాగం ఎత్తబోతే, కృపానందం ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పరలోకంల కలుస్తమని నమ్మినోళ్లం. గట్ల శోకాలు పెట్టొద్దు. సంఘమంత సూస్తున్నది."

హన్నా నోరు మూసుకుంది. మూసుకున్న నోరు మళ్లీ సరిగా తెరవలేదు. కంట నీటిచుక్క లేదు, ముద్ద గొంతు దిగదు, మనిషి చీపురుపుల్లయింది. "ఏడవకపోతే మీ అమ్మ మీకు దక్కదే" అని పక్కింటి కమలకుమారి తారామణితో అననే అనేసింది.

ఆ ఆదివారం ఆవిడ దగ్గరే రికార్డు ప్లేయరు అడిగి తెచ్చి, తారామణి సంచిలోంచి కొత్త రికార్డు తీసింది.

"ఏందది?" అన్నాడు కృపానందం.

"అన్న చెప్పిపెట్టింది నాయినా. ఆనికిష్టమైన గా ఇంగ్లీషు బ్యాండుది కొత్తది. సికిందరాబాద్ దుకాణంల నిన్ననే వచ్చింది. ఏడాది సంది ఎదురుసూసిండు."

"గుడికి పోయే యాళ్లకు సైతాను అరుపులా? తీసెయ్!"

"అరుపులు కావు. అమెరికాల నల్లోళ్లు పత్తిచేన్లల్ల పాడుకున్న దుఃఖమట. ఈ బ్యాండు పిల్లలు దాన్ని కరెంటు గిటారు మీద వాయిస్తరు. దుఃఖాన్ని దాసుకోరు, గందుకే మస్తు ఇష్టమనేటోడు అన్న. ఒక్క పాట నాయినా!"

జవాబు కోసం ఆగకుండా ముల్లు దించేసింది. గిటారు ఒక్కటే మెల్లగా మొదలై, ఒకే స్వరాన్ని పట్టుకుని లాగి లాగి వదిలింది. ఆ మీద ఒక బొంగురు గొంతు. ఒక్క మాట అర్థమైతే ఒట్టు. కృపానందం ముల్లు ఎత్తబోయాడు. వంటింట్లోంచి వచ్చిన హన్నా ఆయన చెయ్యి పట్టుకుంది.

"జర ఉండనియ్యి. ఈ పిలగానికి ఎవరు సచ్చిన్రు బిడ్డా?"

"తెల్వదమ్మా."

"ఎవరో సచ్చిన్రు. ఎంత మంచిగ ఏడుస్తున్నడు సూడు. వీన్ని ఎవ్వరు ఆపలే" అంటూనే హన్నా కూలబడింది. "ఓ నా కొడుకా! నీ పెండ్లికి పాడుదామనుకుంటి కొడుకా, మన్ను పోసి వస్తి కొడుకా..."

కృపానందం గబగబా తలుపు దగ్గరికి నడిచాడు. బైబిళ్లు పట్టుకుని గుడికి పోతున్నవాళ్లు వీధిలో ఆగి చూస్తున్నారు. తలుపు మూయబోయిన చెయ్యి ఆగిపోయింది. సంఘం పేరు చెప్పాడు గానీ, ఆమె ఏడిస్తే తనూ ఏడ్చేస్తానన్న భయంతోనే ఆ రోజు ఆమె నోరు మూయించాడు. ఆ సంగతి ఆయనకు ఇప్పుడు తెలిసింది.

తలుపు అట్లాగే వదిలేసి వచ్చి భార్య పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఏడువు హన్నా. గా దినమే నిన్ను ఏడ్వనియ్యకపోతి. నేను పాపం జేసిన" అని ఆమె భుజం మీద తల పెట్టి, సంఘపెద్ద చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. తారామణి ఇద్దరినీ వాటేసుకుంది.

ఆ వైపు పాటలన్నీ అయిపోయి ముల్లు గరగరమంటున్నా ఎవరూ లేవలేదు. చాలాసేపటికి హన్నా కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆకలైతుంది బిడ్డా, ఇంత అన్నం పెట్టు" అంది. "దాన్ని రెండో దిక్కు తిప్పు. గా పిలగాడు ఇంకా ఏడ్వాల్సింది ఉన్నట్టుంది."