అక్క గుర్తుపట్టిన ముఖం

"నొప్పిగా ఉందా అమ్మా?"

"పర్లేదు బాబూ," అంది దమయంతి, కుర్చీ చేతిని గోళ్లు దిగేలా పట్టుకుని.

అప్పటికి విశాఖ బీచ్ రోడ్డు పొడవునా ముఖానికి వయసు తగ్గించే ఇలాంటి క్లినిక్‌లే. భూతద్దం ఎండను కూర్చినట్టు, ఈ యంత్రం అల్ట్రాసౌండ్ తరంగాలను చర్మం కింద నాలుగు మిల్లీమీటర్ల లోతున ఒక చుక్కలోకి కూరుస్తుంది. పైచర్మం చెక్కుచెదరదు. లోపల ఆ వేడికి చర్మాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ పీచు ముడుచుకుని ముఖం బిగుస్తుంది. అయితే వయసుతో చెంపల్లో కొవ్వు కరిగి పెదవుల్ని కదిలించే నరం పైకి వస్తుంది. అది యంత్రం తెరమీద కనిపించదు. అందుకే డాక్టర్ నిరూప్ మత్తు ఇవ్వడు. వేడి నరానికి తగిలి జివ్వుమంటే పేషెంటే ఆపమనాలి.

అంత గొప్ప యంత్రానికి బ్రేకు మనిషి నోరన్నమాట! చెయ్యి కాలినా మన ఆడవాళ్లు ఏమంటారో పాపం నిరూప్‌కు ఏ పుస్తకమూ చెప్పలేదు.

"ఈ వయసులో ఇదంతా ఎందుకమ్మా?" అన్నాడతను.

అరవై దాటిన దమయంతికి మిగిలింది అక్క వకుళ ఒక్కతే. మతిమరుపు జబ్బుతో వృద్ధుల హోమ్‌లో ఉంది. ముప్ఫై ఏళ్లుగా జరిగిందేదీ గుర్తులేదు. ప్రతి గురువారం వెళ్లే చెల్లెల్ని పరాయిమనిషిని చూసినట్టు చూస్తుంది.

"అక్కకి గుర్తున్న ముఖం కావాలి బాబూ. అంతే."

మూడు నెలలకు ఆ ముఖమే వచ్చింది. కానీ రెండు చెంపల్లోనూ నరాలు దెబ్బతిన్నాయి. పెదవులు నవ్వడం మానేశాయి.

"అప్పుడే చెప్పుంటే ఆపేవాణ్ణి కదమ్మా!" అన్నాడు నిరూప్, తల పట్టుకుని.

"మీరంత శ్రద్ధగా చేస్తుంటే ఎలా చెప్పను బాబూ?"

గురువారం వకుళ ఆమెను చూస్తూనే లేచి నిలబడింది. "దమయంతీ! వచ్చావుటే!" అంటూ దగ్గరికొచ్చి, ఆగిపోయింది. "నామీద కోపమొచ్చిందా?"

"లేదక్కా, లేదు!" గొంతునిండా ప్రేమే. ముఖం మాత్రం బిర్రబిగుసుకుని ఉంది.

వకుళ ముఖాన్నే నమ్మింది. ఏం తప్పు చేశానో చెప్పవే అని చేతులు జోడించి ఏడ్చింది. తర్వాతి రెండు గురువారాలూ అంతే. అన్నీ మరిచిపోయే మనిషి ఈ ఒక్కటీ మరవలేదు.

నాలుగో గురువారం నర్సు గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"ఏమనుకోకండమ్మా. మీరొచ్చారంటే ఆవిడ వణికిపోతున్నారు. ఇదివరకు వచ్చే పెద్దావిణ్ణి పంపమంటున్నారు. ఎవరో తెలీదట. కానీ ఆవిడ పక్కన కూచుంటే ప్రాణం కుదుటపడేదట."